అన్నీ పట్టే యాంటెన్నా కొనాలా? ముందు పది మీటర్ల వైరు కట్టి చూడండి

మా టీమ్‌లో ఒక జూనియర్ ఉన్నాడు. కొత్తగా రేడియో పిచ్చి పట్టింది. లాప్‌టాప్‌కి పెట్టుకునే చిన్న యూఎస్‌బీ రేడియో డాంగిల్ కొన్నాడు. రెండో రోజే క్యాంటీన్‌లో ఫోన్ తీసి ఒక ఫొటో చూపించాడు. గొడుగు పుల్లల్లాంటివి కిందకీ పక్కలకీ పొడుచుకొచ్చిన పెద్ద యాంటెన్నా.

"బ్రో, 25 మెగాహెర్ట్జ్ నుంచి 1300 దాకా అన్నీ పట్టుద్దంట. ఈఎంఐలో తీసుకోనా?"

"పట్టుద్ది గానీ, నువ్వేం వినాలనుకుంటున్నావ్?"

"ఏమో బ్రో... అన్నీ."

ఈ "అన్నీ" దగ్గరే డబ్బులు పోతాయి. డాంగిల్ కొన్నవాళ్లలో చాలామంది తర్వాతి నెల జీతంలో కొంత యాంటెన్నా మీద పెడతారు. పెట్టాక కూడా సర్రుమనే హోరు తప్ప ఏమీ వినపడదు. దాంతో డాంగిల్ డ్రాయర్‌లోకి, యాంటెన్నా అటక మీదకి. హాబీ అక్కడితో సమాప్తం. అందుకే ఈ వారం యాంటెన్నా ఎంపిక గురించి మాట్లాడుకుందాం. నేను చెప్పబోయేది ఒక్కటే మాట: వినడానికి యాంటెన్నా ఎంచుకునేటప్పుడు అది ఎంత లాగుతుందని అడక్కండి, మన ఇంటి చుట్టూ ఉన్న రొదలోంచి ఎంత బయటపడుతుందని అడగండి.

300ని భాగించడం వస్తే చాలు

భయపడకండి, ఎంసెట్ ఫిజిక్స్ కాదు. 300ని మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే ఆ రేడియో తరంగం పొడవు మీటర్లలో వస్తుంది. ఎఫ్ఎం 100 మెగాహెర్ట్జ్ అనుకోండి, 3 మీటర్లు. హ్యామ్‌లు కబుర్లు చెప్పుకునే 7 మెగాహెర్ట్జ్ దగ్గర దాదాపు 43 మీటర్లు. ఆకాశవాణి హైదరాబాద్ ఏ కేంద్రం 738 కిలోహెర్ట్జ్ అయితే ఏకంగా 400 మీటర్ల పైనే. విమానాలు తమ స్థానాన్ని చెబుతూ పంపే 1090 మెగాహెర్ట్జ్ సిగ్నల్ మాత్రం 27.5 సెంటీమీటర్లే.

తాతగారి పాత రేడియో ఇంట్లో ఉంటే దాని డయల్ ఒకసారి చూడండి. షార్ట్‌వేవ్ దగ్గర 25, 31, 41 అని మీటర్లలో రాసి ఉంటుంది. రేడియో సిలోన్‌లో తెలుగు పాటల కోసం ఆ ముల్లు తిప్పిన తరానికి ఆ అంకెలు నోటికొచ్చు. అవి వేరే ఏవో కోడ్‌లు కావు, తరంగం పొడవులే.

సాదా యాంటెన్నా బాగా పనిచేయాలంటే ఆ పొడవులో నాలుగో వంతు ఉంటే మంచిది. అంటే 75ని మెగాహెర్ట్జ్‌తో భాగించాలి. ఎఫ్ఎంకి 75 సెంటీమీటర్లు. విమానాల సిగ్నల్‌కి 7 సెంటీమీటర్లు కూడా అక్కర్లేదు. 7 మెగాహెర్ట్జ్‌కి పది మీటర్ల పైచిలుకు. లోహపు కడ్డీ విషయంలో ఇంకో ఐదు శాతం దాకా తగ్గించుకోవచ్చు, అంతే.

ఇప్పుడు మా జూనియర్ చూపించిన ఫొటోకి వద్దాం. దాన్ని డిస్కోన్ అంటారు. పైన పళ్లెం లాంటిది, కింద శంకువు లాంటిది. 1940ల్లో కండోయన్ అనే ఇంజినీర్ కనిపెట్టాడు. ఒకే యాంటెన్నా చాలా విశాలమైన పరిధిలో, అన్ని దిక్కుల నుంచి సిగ్నల్ అందుకోగలగడం దాని గొప్ప. అందులో అబద్ధం లేదు. కానీ డబ్బా మీద రాసిన "25 నుంచి" అన్న మాటని మన లెక్కతో పరీక్షిద్దాం. శంకువు పుల్ల పొడవే దాని కింది హద్దుని తేలుస్తుంది. పుల్ల 85 సెంటీమీటర్లు ఉంటే 75ని 0.85తో భాగించండి. 88 వచ్చింది కదా? అంటే అది నిజంగా దమ్ముగా పనిచేయడం మొదలయ్యేది 88 మెగాహెర్ట్జ్ దగ్గర్నుంచి. 25 మెగాహెర్ట్జ్ దగ్గర పూర్తి స్థాయిలో పనిచేయాలంటే పుల్లలు 3 మీటర్లు ఉండాలి. అంత పెద్దది మీ బాల్కనీలో పట్టదు. కింది హద్దు తగ్గించడానికి కొన్ని కంపెనీలు పైన అదనంగా ఒక పొడవాటి కడ్డీ బిగిస్తాయి. దాంతో కొంత మెరుగవుతుంది తప్ప అన్నీ వచ్చేయవు.

ఏది కొనబోయినా ఈ భాగహారం ఒకసారి చేయండి. సేల్ పేజీలో రాసిన సగం మాటలకి అక్కడే జవాబు దొరుకుతుంది.

30కి కింద ఒక లోకం, పైన ఇంకో లోకం

30 మెగాహెర్ట్జ్ దగ్గర ఒక గీత గీసుకోండి. రెండు వైపులా రూల్స్ వేరు.

గీతకి కింద మీడియం వేవ్, షార్ట్‌వేవ్ ఉంటాయి. ఇక్కడి సిగ్నళ్లు రాత్రిళ్లు ఆకాశంలోని అయానో పొరకి తగిలి వందల, వేల కిలోమీటర్ల దూరం నుంచి వచ్చి పడతాయి. సమస్య సిగ్నల్ లేకపోవడం కాదు. మన ఇల్లే. ఎల్ఈడీ బల్బు, ఫోన్ చార్జర్, లాప్‌టాప్ అడాప్టర్, ఇన్వర్టర్, పక్కింటి సోలార్ ప్యానెల్ తాలూకు పెట్టె... వీటన్నిటిలోనూ కరెంటుని సెకనుకి వేలసార్లు ఆన్ ఆఫ్ చేసే సర్క్యూట్లు ఉంటాయి. ప్రతిదీ ఒక చిన్న రొద స్టేషనే. అది మన గదిలో ఉంది, పాట పంపే స్టేషన్ ఎక్కడో దేశాల అవతల ఉంది. ఎవరి గొంతు గట్టిగా వినిపిస్తుందో చెప్పక్కర్లేదు.

దీనికి రెండు చిన్న పరీక్షలున్నాయి. పైసా ఖర్చు లేదు.

మొదటిది: రేడియోకి యాంటెన్నా తీసేసి ఖాళీ చోట హోరు ఎంత ఉందో చూడండి. మళ్లీ తగిలించండి. తగిలించగానే హోరు బాగా పెరిగిందా? అయితే మీ యాంటెన్నా చాలినంత పెద్దదే. అది బయటి రొదని ఇప్పటికే రేడియోకి పూర్తిగా అందిస్తోంది. ఇంకా పెద్దది కొంటే సిగ్నల్‌తోపాటు రొద కూడా అంతే పెరుగుతుంది, లాభం సున్నా. డబ్బు మిగిలింది.

రెండోది: లాప్‌టాప్ బ్యాటరీ మీద పెట్టి, ఇంట్లో ఎంసీబీలు ఒక్కొక్కటే దించండి. అమ్మకి ముందే చెప్పి, టీవీ సీరియల్ టైమ్ కాకుండా చూసుకోండి. స్క్రీన్ మీద నిలువు గీతలుగా కనిపించే రొద ఏ స్విచ్‌తో మాయమైతే అదే దొంగ. చాలాసార్లు అది ఒక చవక చార్జరో, ఒకే ఒక్క బల్బో అవుతుంది. దాన్ని మార్చితే చాలు, కొత్త యాంటెన్నా కొన్నంత తేడా వస్తుంది. కరెంటు పోతే అందరూ తిట్టుకుంటారు కానీ షార్ట్‌వేవ్ వినేవాడికి అది పండగ. కాలనీ మొత్తం చీకటైన ఆ అరగంటలో ఒకసారి విని చూడండి, మీ ఏరియాలో అసలు ఏమేం వస్తాయో అప్పుడు తెలుస్తుంది.

ఈ రెండూ అయ్యాక మొదటి యాంటెన్నా: పది మీటర్ల వైరు. అవును, ఎలక్ట్రికల్ షాపులో దొరికే మామూలు ఇన్సులేషన్ రాగి వైరే. మేడ మీద ఒక మూల నుంచి ఇంకో మూలకి, గోడలకీ ఇనప కడ్డీలకీ తగలకుండా నైలాన్ తాడుతో కట్టాలి. ఒక చివర ఖాళీగా వదిలేసి, రెండో చివర 9:1 అని రాసి ఉండే చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పెట్టెకి కలపాలి. పొడవాటి వైరుకీ రేడియో కేబుల్‌కీ మధ్య పొత్తు కుదిర్చేది అదే. ఆ పెట్టె రెండో కొనకి ఇంకో ఐదారు మీటర్ల వైరు కట్టి నేల మీద పరిచేయండి. అది లేకపోతే కేబుల్ పైతొడుగే యాంటెన్నాలో సగంగా మారి, ఇంట్లోని రొదని మోసుకొస్తుంది. రేడియో దగ్గర కేబుల్‌ని ఒక ఫెరైట్ రింగులోంచి ఏడెనిమిది చుట్లు చుడితే ఇంకా మంచిది.

మేడ మీదకి అనుమతి లేదా? అద్దె ఫ్లాట్‌లో ఉన్నారా? అప్పుడు లూప్ యాంటెన్నా చూడండి. అరమీటరు పైచిలుకు వ్యాసం ఉన్న ఒక గాజు, దానికో చిన్న యాంప్లిఫయర్. సైజు చూస్తే నవ్వొస్తుంది కానీ దానికో మంచి గుణం ఉంది. గాజు రంధ్రం ఎటువైపు చూస్తుంటే అటునుంచి వచ్చేది బాగా తగ్గిపోతుంది. రొద వచ్చే దిక్కుకి దాన్ని తిప్పి నొక్కేయొచ్చు. యాంప్లిఫయర్‌కి కరెంటు మాత్రం చార్జర్‌తో ఇవ్వకండి, పవర్ బ్యాంక్‌తో ఇవ్వండి. దొంగకే తాళం చెవి ఇచ్చినట్టు అవుతుంది లేకపోతే.

ఒక గమనిక: మామూలు డాంగిల్స్ 24 మెగాహెర్ట్జ్ పైనే వింటాయి. షార్ట్‌వేవ్ కావాలంటే డైరెక్ట్ శాంప్లింగ్ గానీ అప్‌కన్వర్టర్ గానీ ఉన్న మోడల్ అయ్యుండాలి. యాంటెన్నా కొనే ముందు అది చూసుకోండి.

పైలోకంలో ఎత్తే రాజు

గీతకి పైన, అంటే ఎఫ్ఎం, స్థానిక హ్యామ్‌లు, ఉపగ్రహాలు, విమానాల సిగ్నళ్లు ఉండే చోట కథ మారుతుంది. ఇవి దాదాపు చూపు మేరకే ప్రయాణిస్తాయి. మధ్యలో కాంక్రీటు ఉంటే మన పని అంతే. ఇక్కడ మంచి యాంటెన్నా రెండో అంతస్తు గదిలో పెట్టడం కంటే చవక యాంటెన్నా మేడ మీద పెట్టడం మేలు.

చవకది అంటే ఏంటి? డాంగిల్‌తో పాటు కిట్‌లో వచ్చే రెండు టెలిస్కోపిక్ కడ్డీలు. పాత టీవీల మీద కుందేలు చెవుల్లా ఉండేవి గుర్తున్నాయా, అదే డైపోల్. ఏ ఫ్రీక్వెన్సీ కావాలో 75 భాగహారం చేసి ఆ పొడవుకి లాగండి. ఎఫ్ఎంకి 70 సెంటీమీటర్ల చొప్పున. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం నుంచి వ్యోమగాములు 145.8 మెగాహెర్ట్జ్ మీద మాట్లాడినప్పుడు వినాలంటే ఒక్కో కడ్డీ సుమారు అరమీటరు. రష్యా వాతావరణ ఉపగ్రహాలు మెటియోర్‌లు 137 మెగాహెర్ట్జ్ దగ్గర పంపే మేఘాల ఫొటోలకి 53 సెంటీమీటర్ల చొప్పున లాగి, రెంటి మధ్య 120 డిగ్రీల కోణం ఉండేలా 'వి' ఆకారంలో అడ్డంగా పెట్టాలి. పైన వెళ్తున్న ఉపగ్రహం పంపిన మేఘం ఫొటో మీ లాప్‌టాప్‌లో గీత గీతగా దిగుతుంటే వచ్చే కిక్ యాప్‌లో వెదర్ చూస్తే రాదు.

చూశారా, సైజు మార్చుకునే ఒకే డైపోల్‌తో ఇన్ని అయ్యాయి. ఒకసారికి ఒకటే వింటాం కాబట్టి ఒకసారికి ఒకటే సైజు చాలు. మరి డిస్కోన్ ఎవరికి? రోజుకో బ్యాండ్ వెతుకుతూ, పదేపదే మేడ ఎక్కి కడ్డీలు సరిచేసే ఓపిక లేనివాళ్లకి, ఒకసారి బిగిస్తే ఏళ్లపాటు కదిలించకూడదు అనుకునేవాళ్లకి. వాళ్లకి అది మంచి కొనుగోలే. అయితే అది ఏ ఒక్క ఫ్రీక్వెన్సీలోనూ సరిగ్గా కోసిన డైపోల్ కంటే పెద్దగా ఎక్కువ లాగదు. మీరు డబ్బిచ్చేది బలానికి కాదు, సౌకర్యానికి.

కేబుల్ తాగేస్తుంది

యాంటెన్నాకి వేలు పోసి కేబుల్ దగ్గర పీనాసితనం చేస్తాం. 1000 మెగాహెర్ట్జ్ దగ్గర సన్నటి ఆర్జీ-58 కేబుల్ పది మీటర్లు వేస్తే సగానికి పైగా సిగ్నల్ దారిలోనే ఆవిరి. అదే డిష్ టీవీకి వాడే ఆర్జీ-6 కేబుల్‌లో నష్టం అందులో సగం కూడా ఉండదు. "అది 75 ఓమ్స్, రేడియోకి 50 ఓమ్స్ కావాలి కదా" అని ఎవరైనా భయపెడితే కంగారు పడకండి. ఆ తేడా వల్ల వెనక్కి పోయేది 4 శాతం. వినడానికి అది లెక్కలోకి రాదు. ట్రాన్స్‌మిట్ చేసేవాళ్ల లెక్కలు వేరు. ఓటీటీలు వచ్చాక డిష్ కనెక్షన్ పీకేసిన ఇళ్లలో ఆ నల్లటి కేబుల్ మేడ మీద నుంచి హాల్లోకి ఇంకా వేలాడుతూనే ఉంటుంది. మీ ఇంట్లో ఉంటే సగం పని అయిపోయినట్టే. కనెక్టర్ మార్చే చిన్న అడాప్టర్ ఒక్కటి కొనుక్కోండి. బయట ఉన్న ప్రతి జాయింటుకీ వాన నీళ్లు దిగకుండా టేప్ చుట్టండి.

అన్నీ పడితే వచ్చే తలనొప్పి

విశాల పరిధి యాంటెన్నా అన్నిటినీ తెస్తుంది అన్నాం కదా. నిజంగానే అన్నిటినీ తెస్తుంది. ఊళ్లోని ఎఫ్ఎం స్టేషన్లు, సెల్ టవర్లు అన్నీ ఒకేసారి డాంగిల్ మీద పడతాయి. మన చవక డాంగిల్‌లో ఉండేది 8 బిట్లు, అంటే 256 మెట్లు. గట్టిగా అరిచే ఎఫ్ఎం ఆ మెట్లన్నీ ఆక్రమిస్తే, దూరపు సన్నని సిగ్నల్ ఒక మెట్టుకి కూడా నోచుకోదు. పైగా లేని చోట్ల కూడా ఎఫ్ఎం పాటలు దెయ్యాల్లా వినిపిస్తాయి. కోడ్ రాసేవాళ్ల భాషలో చెప్పాలంటే ఇది ఓవర్‌ఫ్లో.

ఇలా జరుగుతోందని అనుమానం వస్తే ముందు గెయిన్ తగ్గించండి. ఉచితం. అప్పటికీ తగ్గకపోతే 88 నుంచి 108 దాకా కత్తిరించే ఎఫ్ఎం ఫిల్టర్ పెట్టండి. సిటీలో ఉన్నవాళ్లకి ఆ చిన్న డబ్బా డిస్కోన్ కంటే ఎక్కువ ఉపయోగపడిన సందర్భాలు చాలా చూశాను. యాంప్లిఫయర్ కొనడం మాత్రం అన్నిటికంటే చివర.

ఇది చదవకుండా మేడ ఎక్కొద్దు

మన కాలనీల్లో 11 కేవీ లైన్లు బాల్కనీలకి చెయ్యి చాపితే అందేంత దగ్గర్లో పోతుంటాయి. వైరు విసిరినా, పైపు నిలబెట్టినా అది పడిపోతే ఎంత దూరం పడుతుందో ముందు లెక్కేయండి. ఆ దూరంలో కరెంటు తీగ ఉంటే ఆ చోటు వదిలేయండి. దీనికి మినహాయింపు లేదు. ఉరుములు మొదలవ్వకముందే యాంటెన్నా కేబుల్ రేడియో నుంచి పీకి ఇంటి బయట పడేయండి. ఉరుము వినిపిస్తుంటే మేడ ఎక్కకండి. బట్టలారేసే తీగ అనుకుని ఎవరూ మెడకి తగిలించుకోకుండా మనిషి ఎత్తుకి బాగా పైన కట్టండి. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ అంకుల్‌కి ముందే చెప్పండి: "అంకుల్, ఇది వినడానికే, దీన్నుంచి ఏ రేడియేషనూ రాదు" అని. అది నిజం కూడా.

ఇంకో మాట. ప్రజల కోసం ప్రసారం చేసేవి, హ్యామ్‌ల కబుర్లు వినడం వరకే ఉండండి. పోలీసుల, ఇతర శాఖల సంభాషణల జోలికి పోవద్దు. మాట్లాడాలనిపిస్తే లైసెన్స్ తప్పనిసరి. కేంద్ర టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం పరీక్ష పెడుతుంది. 12 ఏళ్లు నిండినవాళ్లెవరైనా రాయొచ్చు.

ఫోన్ ఉండగా ఇదంతా ఎందుకు?

ఈ ప్రశ్న నన్ను చాలామంది అడుగుతారు. మాది విశాఖ. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు నేను చదువుకుంటున్నాను. కరెంటు లేదు, ఫోన్లలో సిగ్నల్ లేదు. చేతిలో ఉన్న స్మార్ట్‌ఫోన్ టార్చిలైట్ అయిపోయింది. మా పక్క వాటాలో ఉండే రిటైర్డ్ మాస్టారు రాత్రిపూట బ్యాటరీ రేడియోకి ఒక వైరు ముక్క చుట్టి, దాని కొనని కిటికీలోంచి మామిడి కొమ్మ మీదకి వేశారు. ఎక్కడో దూరపు స్టేషన్ వార్తలు వచ్చాయి. మెట్ల మీద పదిమందిమి కూర్చుని విన్నాం. తుపాను ఎటు పోయిందో, మళ్లీ వస్తుందో రాదో మాకు తెలిసింది ఆ వైరు ముక్క వల్లే. ఊరంతా కరెంటు లేదు కాబట్టి రొద కూడా లేదు, అందుకే అంత స్పష్టంగా వినిపించిందని ఇంజినీరింగ్‌లో చేరాక అర్థమైంది.

2004 డిసెంబర్ 26న సునామీ వచ్చిన రోజు హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున వెళ్లిన హ్యామ్ బృందం పోర్ట్‌బ్లెయిర్‌లో ఉంది. సరదాగా దూరపు స్టేషన్లతో మాట్లాడటానికి వెళ్లినవాళ్లు, ఫోన్లు తెగిపోయిన ఆ దీవుల నుంచి క్షేమ సమాచారాలు చేరవేసే పనిలోకి దిగారు. హాబీగా నేర్చుకున్నదే ఆ రోజు పనికొచ్చింది. అవసరం వచ్చాక యాంటెన్నా కట్టడం నేర్చుకుందామంటే కుదరదు. ఏ మూల రొద తక్కువో, ఏ రాత్రి ఏ స్టేషన్ వస్తుందో ముందే తెలిసి ఉండాలి.

మా జూనియర్ సంగతి చెప్పలేదు కదూ. ఈఎంఐ పక్కన పెట్టి వైరు కట్టాడు. రొద వెతికితే వాడి దొంగ అక్వేరియం లైటు అడాప్టర్ అని తేలింది. ఇప్పుడు పొద్దున్నే స్టాండప్ కాల్‌కి ముందు 7 మెగాహెర్ట్జ్‌లో హ్యామ్‌ల కబుర్లు వింటున్నాడు. డిస్కోన్ ఇంకా వాడి కార్ట్‌లోనే ఉంది. "కొంటాను బ్రో, కానీ దేనికో తెలిశాక కొంటా" అన్నాడు.

మీరూ అంతే చేయండి. ఈ శనివారం యాంటెన్నా తీసి, పెట్టి హోరు చూడండి. ఆదివారం ఎంసీబీలు దించి దొంగని పట్టండి. వచ్చే వారం పది మీటర్ల వైరు కట్టి, రాత్రి తొమ్మిదింటికి మీడియం వేవ్ మొత్తం ఒకసారి తిప్పండి. ఏయే ఊళ్లు వినిపించాయో ఒక కాగితం మీద రాసుకోండి. కొత్త యాంటెన్నా అవసరమా, అయితే ఏది అనేది ఆ కాగితమే చెబుతుంది.